ఒక్క సున్నా తేడా

మా పెళ్లయి పదకొండు వారాలు. "ఇంకా వారాలేంటే, నెలల్లోకి రా" అని మా అక్క ఫోన్లో ఎగతాళి చేస్తుంది గానీ నాకు వారాలే ముద్దు. మూడో వారంలో ఈలేసే కెటిల్ కొన్నాం. ఐదో వారంలో పడగ్గది తలుపు కిర్రుమనడం మానేసింది, నేనే బందులకి నూనె రాశాను. ఎనిమిదో వారానికల్లా మా ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండా చెయ్యి చాస్తే అది దేనికో నాకు తెలిసిపోయేది. అరచెయ్యి పైకి ఉంటే కళ్లజోడు. వేళ్లు కొంచెం వంచి ఉంటే టీ.

పదకొండో వారం, ఆదివారం మధ్యాహ్నం, ఆ మనిషి ఎనిమిదేళ్ల పనిని నేను ఒక్క నవ్వుతో కూల్చేశాను.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. మా ఆయన యూనివర్సిటీలో ఒక ఫ్రెంచి దర్శకుడి మీద పరిశోధన చేస్తున్నాడు. ఆ దర్శకుడు ఆరంటే ఆరే సినిమాలు తీసి పోయాడు. వాటిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఎవరూ పరిగెత్తరు. ఒక సినిమాలో ఒకావిడ తొమ్మిది నిమిషాలు ఉల్లిపాయలు తరుగుతుంది. పెళ్లికి ముందు మా ఆయన నన్ను మొదటిసారి బయటికి తీసుకెళ్లింది ఆ ఉల్లిపాయలు చూపించడానికే. ఏడో నిమిషంలో నా కళ్లమ్మట నీళ్లు కారాయి. నేను కదిలిపోయానని మురిసిపోయాడు పాపం. అవి ఆవలింతలకి వచ్చిన నీళ్లని పెళ్లయిన రెండో వారంలో చెప్పాను.

ఇంట్లో ఆ దర్శకుణ్ణి నేను 'ఫ్రెంచి మామగారు' అంటాను. అసలు మామగారి ఫోటో మా ఇంట్లో లేదు గానీ ఈయనది రాతబల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. కోడలు పెట్టిన టీ నచ్చనట్టు మూతి ముడుచుకుని.

సిద్ధాంత గ్రంథం పేరు 'ఇంకా'. ఆరో సినిమాలోని ఆఖరి మాటలోంచి తీసుకున్న పేరు అది. ఆ సినిమాలో ఊరందరి దుప్పట్లు ఉతికే ఒకావిడ ఉంటుంది. ఆవిడ మొగుడు ఓడెక్కి పోయి తొమ్మిదేళ్ల తర్వాత తిరిగొస్తాడు. వచ్చి వంటింట్లో కూర్చుని దగ్గుతూ ఉంటాడు. ఆవిడ పెరట్లో తడిదుప్పటి ఆరేస్తుంటే, పక్కింటావిడ గోడ మీంచి "ఏమంటావు మరి?" అని అడుగుతుంది. దుప్పటి మొహానికి అడ్డంగా ఉంటుంది. దాని వెనకనుంచి ఆవిడ అంటుంది, "అతనంటే నాకు ఇంకా ప్రేమ." అంతే, తెర నల్లగా అయిపోతుంది.

ఐదు సినిమాల నిండా చీకటే చూపించిన మనిషి ఆఖరి క్షణంలో తలుపు తీశాడని మా ఆయన వాదన. ఆ ఒక్క మాటని దీపంలా పట్టుకుని వెనక్కి నడిస్తే ఉల్లిపాయల్లో కూడా ఆశ కనిపిస్తుందట. అలా ఐదు అధ్యాయాలు. లక్షణంగా ఉంటాయి. అచ్చుతప్పులు దిద్దింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఆ మాటని ఫ్రెంచిలోంచి మన భాషలోకి తెచ్చింది మా ఆయనకి గైడు. పెద్దసారు అంటారందరూ. నలభై ఏళ్ల క్రితం ఆరు సినిమాల సంభాషణలూ అనువాదం చేసి పుస్తకంగా వేశారు. ఆ పుస్తకం పక్కన పెట్టుకునే ఇక్కడ అందరూ ఆ సినిమాలు చూస్తారు, ఫ్రెంచి రాని మా ఆయనతో సహా. సారు మహా స్ట్రిక్టు. ఆయన దగ్గర చేరాలంటే మగపిల్లలు మీసాలు తీసేయాలి. మా ఆయన ఎనిమిదేళ్ల క్రితం తీసేశాడు. పెళ్లిచూపుల్లో మీసం లేదేమని మా నాన్న నసిగితే, "చదువు కోసం తీసేశాడట నాన్నా" అని నేనే సర్దిచెప్పాను.

ఇక నా ఉద్యోగం. నేను చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. చప్పుడు చొరబడని చిన్న గది, దానికో గాజు కిటికీ. లోపల కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కుతారు. బయట నా బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది. కొంతమంది ఏమీ వినపడకపోయినా నొక్కేస్తుంటారు. మోసం కాదు. చెవులు బాగున్నాయనిపించుకోవాలని తాపత్రయం. మా క్లినిక్‌లో దాన్ని 'ఆశనొక్కుడు' అంటాం. రిపోర్టులో ఆ నొక్కుళ్లు లెక్కలోకి రావు.

ఆ ఆదివారం సంగతి. ఆరో సినిమాకి శబ్దం శుభ్రం చేసిన కొత్త డిస్కు వచ్చిందని మా ఆయన ఎగురుకుంటూ తెచ్చాడు. యూనివర్సిటీలో ఉన్న పాత రీలులో ఆఖరి పది నిమిషాలూ గుయ్యిమని ఒకటే రొద. అతను ఆ సినిమా నలభైసార్లు చూశాడు గానీ ఆఖరి మాట చెవులారా ఎప్పుడూ వినలేదు.

"శుక్రవారం గ్రంథం ఇచ్చేస్తున్నాను కదా, ఒక్కసారి విని ఇస్తాను. పెళ్లికూతురి మేలిముసుగు తీసి చూసినట్టు" అన్నాడు.

"చూసి తట్టుకోగలవా? నన్ను చూసినప్పుడు తుమ్మావు" అన్నాను.

విభాగం వాళ్ల ప్రొజెక్టరు అడిగి తెచ్చాం. కర్టెన్లకి పిన్నీసులు పెట్టాను. గోడకున్న మేకు సరిగ్గా ఆ దుప్పట్లావిడ ముక్కు మీదికొచ్చి పుడకలా మెరుస్తుంటే నాకు నవ్వాగలేదు. "ష్" అన్నాడు. మంచం మీద అతని భుజానికి ఆనుకుని బిస్కెట్ పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత హాయి నాకు గుర్తులేదు. దుప్పటి లేచింది. పక్కింటావిడ అడిగింది. దుప్పటి వెనకనుంచి గొంతొచ్చింది. శుభ్రంగా, పక్కన నించుని చెప్పినట్టు.

"ఝ లెమ్ ప్లూ."

నేను చప్పట్లు కొట్టి నవ్వాను. "అయ్యో, మీ సారు బోల్తాపడ్డారే!"

"ఏంటి?"

"కాలేజీలో మార్కులు పడతాయని రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నానన్నానా, మా ఫ్రెంచి మేడమ్ మొదటిరోజే ఈ వాక్యంతో క్లాసు క్లాసంతటినీ బురిడీ కొట్టించింది. కాగితం మీద రెండూ ఒకటే. చివర స్ పలికి ప్లూస్ అంటే ఇంకా ఎక్కువ ప్రేమిస్తున్నానని. స్ మింగేసి ప్లూ అంటే ఇక ప్రేమించడం లేదని. స్ పలికితే పెళ్లి, మింగితే విడాకులు అనేది మేడమ్. మన ఇంకా, ఇక లాగే, దీర్ఘం మాట అటుంచితే. ఒక్క సున్నా తేడా. ఇదేమో..."

అప్పుడు చూశాను అతని మొహం. గోడ మీద తెర నల్లబడింది. మేకు ఒక్కటే కనిపిస్తోంది.

"మళ్లీ పెడతాను" అన్నాడు.

మళ్లీ పెట్టాడు. పదిసార్లు, ఇరవైసార్లు. ఆవిడ దుప్పటి ఎత్తుతూనే ఉంది.

"నీకు సరిగ్గా వినపడి ఉండదు."

"బాబూ, నాకు జీతం ఇచ్చేదే అందుకు" అన్నాను. అనేసి నాలిక కరుచుకున్నాను.

సోమవారం ఇద్దరం సెలవు పెట్టాం. గడువు ఇప్పటికే మూడుసార్లు పొడిగించారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఇవ్వకపోతే రిజిస్టర్లోంచి అతని పేరు కొట్టేస్తారు. పేరు పోతే తాత్కాలికంగా చెబుతున్న పాఠాలూ పోతాయి. ఇచ్చాడా, చదివి మార్కులు వేసే పరీక్షకురాలు ఫ్రెంచి వాళ్ల ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. మొదటి పేజీలోనే పట్టేస్తుంది.

"అయితే తిప్పి రాద్దాం. ఇంకా అన్న చోటల్లా ఇక అని మారిస్తే?" అన్నాను. నాకు ఏ పనైనా జంటగా చేస్తే అయిపోతుందనే నమ్మకం.

కంప్యూటరులో ఒక్క నొక్కుతో మార్చాం. నాలుగు వందల పన్నెండు చోట్ల మారింది. పైకి చదవడం మొదలుపెట్టాను. "ఉల్లిపాయల పొరల కింద ఇక వెలుగు మిగిలి ఉంది." "ఈ పాత్రలు ఇక ఎదురుచూస్తాయి." రెండో పేజీ దాకా నవ్వుకున్నాం కూడా. అతనైతే కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. తర్వాత నేను వెనక్కి తిప్పి అంకితం పేజీకి వచ్చాను. అందులో నాకోసం ఒక వాక్యం ఉంది. "ఇంకా ఎన్నో ఆదివారాలు నీతో." ఇప్పుడది "ఇక ఎన్నో ఆదివారాలు నీతో" అయి కూర్చుంది. తెలియని మనిషెవరో నిట్టూర్చినట్టు. నేను గబుక్కున పేజీ తిప్పేశాను. అతను చదివేశాడు.

"కుదరదు. ఇది మాట మార్చితే పోయేది కాదు. ఆ మాట మీదే ఇల్లంతా కట్టాను" అన్నాడు.

మంగళవారం పెద్దసారు ఇంటికి వెళ్లాం. సారు భార్య ఇరవయ్యేళ్లుగా కూతురి దగ్గరే ఉంటారని, సారు ఒంటరిగా ఉంటారని మా ఆయన దారిలో చెప్పాడు. సారు టీ పెట్టి తెచ్చారు. ఆయనకి కప్పు, మాకు రెండు గాజు గ్లాసులు. ఆ ఇంట్లో కప్పు ఒక్కటే ఉన్నట్టుంది.

మా ఆయన మాట్లాడుతున్నంతసేపూ సారు అతని కళ్లలోకి చూడలేదు. మూతినే చూస్తున్నారు. నేను ఏదో అంటే చటుక్కున నా మూతి వైపు తిరిగారు. రోజుకి పదిమందిలో చూస్తాను ఆ చూపు. ఎందుకైనా మంచిదని గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే, "సార్, మీ చొక్కా గుండీ ఊడిపోయింది" అన్నాను. ఆయన మా ఆయన వైపే చూస్తూ మర్యాదగా తలాడించారు. గ్లాసు దించి అదే మాట అన్నాను. ఆయన చెయ్యి గుండీ మీదికెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

మీసాల సంగతి నాకు అప్పుడు అర్థమైంది. మీసం పెదవుల మీదికి వాలుతుంది.

"ఎప్పటినుంచి సార్?" అన్నాను, పెదాలు బాగా కదుపుతూ.

"పద్నాలుగో ఏట జ్వరమొచ్చింది" అన్నారు. "మందంగా వినపడుతుంది. సన్నటి చప్పుళ్లు అసలు లేవు. స్, ఫ్... అవి నాకు పుస్తకంలో అక్షరాలే."

మా ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "మరి ఆరు సినిమాలూ..."

"కాగితం మీద సంభాషణలు వచ్చేవి. అనుమానం వస్తే పెదాలు చూసేవాణ్ణి. ఎన్నిసార్లయినా చూసేవాణ్ణి. ఆఖరి మాటకి పెదాలు లేవయ్యా. దుప్పటి ఉంది." సారు నవ్వబోయి మానుకున్నారు. "కాగితం మీద రెండూ ఒకటే. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నాను."

"ఎవరినైనా అడగాల్సింది కదండీ?"

"అడిగితే చెవుడని తెలుస్తుంది. కొత్త ఉద్యోగం."

"మరి ఎలా ఎంచుకున్నారు?" అన్నాను నేను.

ఆయన నా మూతి మీంచి చూపు తీసి మొదటిసారి నా కళ్లలోకి చూశారు. "అప్పుడు మాకు పెళ్లయి రెండు నెలలమ్మా."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఆయనకి తేడా ఏముంటుందని కూడా అనిపించింది నాకు, పాడు బుద్ధి.

"తర్వాతైనా దిద్దవచ్చు కదండీ," అన్నాడు మా ఆయన. "నేనొచ్చి ఎనిమిదేళ్లయింది."

"ఎవరో ఒకరు విని వస్తారని నలభై ఏళ్లు చూశాను. ఎవరూ వినలేదు. అందరూ నా పుస్తకమే చదివారు. చివరికి నేనూ అదే నిజమేమో అనుకున్నాను." కప్పులో టీ అడుగంటా తాగారు. "సంతకం పెట్టేశాను కదా, ఇచ్చెయ్యి. నీకూ వినపడలేదనుకో."

బయటికొచ్చాక మా ఆయన వీధి చివరిదాకా గబగబా నడిచాడు. అక్కడ ఆగి పైపెదవి తడుముకున్నాడు, ఒకప్పుడు మీసం ఉన్నచోట.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ, డాక్టరు లేనప్పుడు, అతను మా క్లినిక్‌కి వచ్చాడు. ఆ ఒక్క వాక్యం ఫోనులోకి ఎక్కించుకుని తెచ్చాడు.

"నన్ను పరీక్ష చెయ్యి."

"దేనికి? నీ చెవులు బంగారం."

"నీకు ఫ్రెంచి వచ్చు కాబట్టి నీకు ప్లూ అని వినపడుతోంది. నాకు ఇంకా కావాలి కాబట్టి నాకు ప్లూస్ అని వినపడుతోంది. ఇంట్లో నా మాట నేనే నమ్మలేకపోతున్నాను. ఇక్కడైతే నమ్ముతాను. పదిసార్లు వినిపించు. స్ వినపడితే బటన్ నొక్కుతాను. ఒక్కసారి నిజంగా వినపడినా చాలు, రేపు ఇచ్చేసి ఆ పరీక్షకురాలి ముందు నిలబడతాను."

లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఎడమది ఎడమకి, కుడిది కుడికి. జుట్టు చెవుల కింద చిక్కుకుంటే తీశాను. ఇన్నాళ్లూ ఎంతమందికో చేసిన పని, ఈసారి మాత్రం రెండుసార్లు సరిచూసుకున్నాను. తలుపు వేసి బయట నా కుర్చీలో కూర్చున్నాను. గాజులోంచి అతని వీపు, మెడ మీద నేనే కత్తిరించిన వంకర జుట్టు కనిపిస్తున్నాయి.

ఒకటి. దుప్పటి వెనక గొంతు వెళ్లింది. దీపం వెలగలేదు. రెండు. కొంచెం గట్టిగా. వెలగలేదు. మూడు, నాలుగు, ఐదు. బటన్ మీద బొటనవేలు ఉంది. కదలడం లేదు. ఎంతమంది ముసలివాళ్లు ఏమీ లేనిచోట నొక్కి నన్ను విసిగించారో. ఒక్కసారి నొక్కరా నాయనా, రిపోర్టులో నేను కొట్టెయ్యను, అనుకున్నాను. ఆరు. అతని భుజాలు కిందికి జారడం చూశాను.

నా బల్ల మీద ఒక మైకు ఉంది, లోపలివాళ్లకి "సరిగా కూర్చోండి" అని చెప్పడానికి. ఏడోసారి ఆ గొంతు ప్లూ అనగానే, నేను మైకు నొక్కి, పెదాలు దానికి ఆనించి, వీలైనంత మెల్లగా అన్నాను.

"స్."

దీపం వెలిగింది.

ఎనిమిది, తొమ్మిది, పది వెలగలేదు.

అతను తనంత తానే హెడ్‌ఫోన్లు తీసి, వైరు చక్కగా చుట్టి కొక్కేనికి తగిలించి బయటికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏడోది నువ్వే కదూ?"

అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను.

"నీ స్ నాకు తెలుసు," అన్నాడు. "ముందు పళ్ల సందులోంచి చిన్న ఈల వస్తుంది. కెటిల్ లాగా. పెళ్లిచూపుల్లో 'సరేనండీ' అన్నావే, అప్పటినుంచి తెలుసు." నా తల మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఉంచాడు. "నీది తప్పితే వేరే స్ లేదు."

"అది చాలదా?" అన్నాను. పిచ్చిదాన్ని, చాలుతుందనే అనుకున్నాను.

"గ్రంథానికి చాలదు" అన్నాడు.

శుక్రవారం నేను తొందరగా ఇంటికొచ్చాను. నాలుగున్నర. బైండు చేసిన నాలుగు కాపీలూ రాతబల్ల మీద అలాగే ఉన్నాయి, సారు సంతకాలతో. ఫ్రెంచి మామగారి ఫోటో బోర్లా పడుకుని ఉంది. మా ఆయన మంచం మీద, మేకున్న గోడకి ఎదురుగా, బూట్లు వేసుకుని కూర్చున్నాడు. వెళ్దామనే బయల్దేరినట్టున్నాడు.

"ఆటో పిలవనా? పదిహేను నిమిషాల్లో వెళ్లిపోతాం. ఏం జరిగినా తర్వాత చూసుకుందాం" అన్నాను.

తలాడించలేదు. అడ్డంగానూ ఊపలేదు. నేను కెటిల్ పెట్టాను. అది ఈల వేసింది. దాన్ని దించాలని కూడా తోచక కాసేపు అలాగే విన్నాను. మా ఇంట్లో ఆ చప్పుడంటే నాకు ఎంత ఇష్టమో.

ఐదైంది. కింద వీధిలో ఎవరో దుకాణం షట్టరు లాగారు. అతను గోడవైపే చూస్తూ, నా వైపు తిరక్కుండా, చెయ్యి చాచాడు. పరిగెత్తుకుంటూ వెళ్లాను. అరచెయ్యి పైకి లేదు. వేళ్లు వంచీ లేవు. కళ్లజోడు అందించాను, పట్టుకోలేదు. టీ అందించాను, పట్టుకోలేదు. నా చెయ్యి పెట్టాను. వేళ్లు ముడుచుకోలేదు.

ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఏమడుగుతోందో నాకు తెలియలేదు.